మాత్రకు, మద్యానికి నడుమ ఒక రాత్రి

కర్నూలు ఆంధ్ర రాష్ట్రమునకు రాజధానిగా ఉండిన ఆ కొద్ది కాలములో, 1954 నవంబరు నెలలో, టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము శాసనసభలో ఒక్క వోటు తేడాతో పడిపోయినదన్న సంగతి నేటి యువకులలో ఎందరికి తెలియునో గాని, దానిని పడగొట్టినది కల్లుముంతయే యన్నను పెద్ద తప్పు కాదు. మద్యనిషేధము విఫలమైనది, ఎత్తివేయుట మేలు అని ఎస్.వి. రామమూర్తిగారి సంఘము చేసిన సిఫార్సును ప్రభుత్వము పాటింపలేదన్నదే నాటి అవిశ్వాస తీర్మానమునకు మూలము. గీత వృత్తివారి పక్షమున గౌతు లచ్చన్నగారు నిలిచి పోరాడిరి. అంతకు పదునేడేండ్లు పూర్వము, 1937లో రాజాజీ సేలము జిల్లాలో ఆరంభించిన నిషేధము మరుసటి యేడు విస్తరించినపుడు దాని క్రిందికి వచ్చిన తెలుగు సీమలు చిత్తూరు, కడప. తరువాతి కథ అందరును ఎరిగినదే: 1993లో సారా పోయినది, 1995లో సంపూర్ణ నిషేధము వచ్చినది, 1997లో అదియు సడలినది, 2024 అక్టోబరులో క్వార్టరు సీసా 99 రూపాయలకే దొరకుట మొదలైనది.

ఇంత పొడుగైన తగవులో ఖజానా మాట వినబడినది, ఆడువారి కన్నీటి మాట వినబడినది, గీత కార్మికుని కూటి మాట వినబడినది. షుగరు బిళ్ళ మాట మాత్రము 1954 నాటి సభలో ఎత్తుటకే వీలులేదు. ఏలయన నేడు మనవారు తిండికి ముందు వేసికొను జాతి మాత్ర ఆనాటికి అంగడిలోనే లేదు. ఆ జాతిలో లోకమెల్ల వ్యాపించిన తొలి మాత్రలలో ఒకటైన టోల్బుటమైడ్ విదేశములలో అమ్మకమునకు వచ్చినది 1956లో. కర్నూలులో వైద్య కళాశాల తెరచినదియు ఆ యేడే. చరకుడు తన చికిత్సాస్థానములో ప్రమేహమునకు ఒక అధ్యాయమును, మదాత్యయమునకు వేరొక అధ్యాయమును కేటాయించినాడు. ఆ రెండు అధ్యాయములును నేడు ఒకే మనిషి దేహములో, తరచుగా ఒకే రాత్రి, కలిసికొనుచున్నవి.

దేశమున 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదనియు, మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని వాకిట నిలిచియున్నారనియు భారత వైద్య పరిశోధనా మండలి అండతో జరిగిన సర్వే 2023లో వెల్లడించినది. ఇది పట్టణపు కామందుల వ్యాధి అను రోజులు గతించినవి. బేతంచెర్లలో నాపరాళ్ళకు నునుపు పెట్టు యూనిట్లలోను, ఆదోని పత్తి యార్డులోను, మంగంపేట ముగ్గురాయి గనుల చెంతను, కె.సి. కాలువ కింద వరిమడులలోను, వాన చుక్కకై మోరలెత్తి చూచు పత్తికొండ మెట్ట చేలలోను ‘బీపీ, షుగరు బిళ్ళలు’ వేసికొనువారు కనబడుదురు. 104 బండి ఊరికి వచ్చిన దినమున రచ్చకట్ట దగ్గర వరుసలో కూర్చుండువారిలో సగము మంది చేత ఆ బిళ్ళల సంచియే. ఇదొక మంచి మార్పు. మందు అందక మనిషి చెడిన కాలమును చూచినవారికి దాని విలువ తెలియును.

అయితే అదే వరుసలో కూర్చున్న మగవారిని డాక్టరు ‘తాగుతావా?’ అని అడిగినచో వచ్చు సమాధానము ఒకటి, బయట వేపచెట్టు క్రింద వచ్చు సమాధానము మరియొకటి. లోపల: “అబ్బే, అలవాటు లేదు సార్.” బయట: “ఎప్పుడన్నా ఒగసారి లేన్నా, దేవరకో పెండ్లికో. మల్ల ఆదివారం పూట ఒగ క్వార్టరు.” అని, ఒక క్షణమాగి, తన పాండిత్యమును కూడ జోడించును: “ఇస్కీలో చక్కెర యాడుంది సామీ? చేదు గదా! చేదు తాగితే షుగరు దిగతాది.”

ఆ మాటలోని విషాదమేమనగా, అందులో సగము నిజము. షుగరు దిగును. దిగుటయే ప్రమాదము.

ఎట్లు దిగునో కొంచెము ఓపికతో చూడవలెను. మన సీమలో పూర్వము పండిన జొన్నలను భూమిలో త్రవ్విన పాతరలో పోసి మూసి, కరవు నెలలలో తీసి తినెడివారు. దేహమునకు కాలేయము అట్టి పాతర. తిన్న తిండిలోని చక్కెరలో కొంత భాగమును గ్లైకోజన్ అను రూపమున, సుమారు 100 గ్రాముల దాక, అది దాచుకొనును. మనము నిద్రించునపుడు గంటకు 5 గ్రాముల చొప్పున కోరు మెదడునకు ఆ పాతర నుండియే కొలిచి పోయును. పాతర అడుగంటినపుడు ఊరకుండక, కండరములు పంపిన లాక్టేటు నుండియు మాంసకృత్తుల ముక్కల నుండియు క్రొత్త చక్కెరను తయారుచేయును. ఇంతటి నమ్మకమైన కాపలాదారు, కడుపులోనికి మద్యము వచ్చిన తోడనే తక్కిన పనులను ప్రక్కకు నెట్టి దానిని విరుగగొట్టుటకు పూనుకొనును. ఆ పనిలో ఎన్.ఏ.డి. అను సహాయక ద్రవ్యము ఖర్చుపడిపోవును. క్రొత్త చక్కెర తయారీకి కావలసినదియు అదే ద్రవ్యము. కావున పాతర నిండుగా ఉన్న ఆరోగ్యవంతునికి తెల్లవారులు గడచిపోవచ్చును గాని, పగలెల్ల ఎండలో రాళ్ళు మోసినవానికి, సుగ్గికి, అనగా వలసకూలికి, పోయి గుంటూరు మిరప చేలలో వంగి వంగి కాయలు కోసినవానికి, మధ్యాహ్నము చేసిన రెండు ముద్దల సంగటితో సాయంకాలము సీసా ముందు కూర్చున్నవానికి పాతరయు ఖాళీ, క్రొత్త చక్కెర తయారీయు బందు.

ఇక ఆ మనిషి కడుపులో షుగరు బిళ్ళ కూడ ఉన్నదనుకొనుడు. మన ఊళ్ళలో విరివిగా వాడు గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, పూర్వపు గ్లైబెన్‌క్లమైడ్, ఇవన్నియు ఒకే కుటుంబము. వీని జన్మవృత్తాంతము వినదగినది. 1942లో, యుద్ధము మధ్య, ఫ్రాన్సు దేశపు మోంపెలియే నగరములో జాన్‌బాన్ అను వైద్యుడు టైఫాయిడు రోగులకు ఒక క్రొత్త సల్ఫా మందును ఇచ్చి చూడగా, జ్వరము మాట యెట్లున్నను, కొందరు చెమటలు పట్టి, మూర్ఛలు వచ్చి ప్రమాదములో పడిరి. వారి రక్తములో చక్కెర అంతగా పడిపోయినది. లూబాతియేర్ అను శాస్త్రజ్ఞుడు ఆ వింతను పట్టుకొని శోధింపగా, ఆ మందు క్లోమమును తట్టి లేపి ఇన్సులినును విడిపించుచున్నదని తేలినది. అనగా చక్కెరను మితిమీరి దింపుట ఈ కుటుంబమునకు నడుమ వచ్చిన దుర్గుణము కాదు, పుట్టుకతోనే వచ్చిన గుణము. రక్తములో చక్కెర ఎంత ఉన్నదని చూడక ఇది ఇన్సులినును విడిపించును. అటు మద్యము పాతర తలుపును మూయును. సూదితో ఇన్సులిను తీసికొనువారికిని ఇదే లెక్క వర్తించును.

లెక్క అన్నాము గనుక సీసాను కూడ కొలుతము. క్వార్టరు 180 మిల్లీలీటర్లు; దానిలో ఆల్కహాలు నూటికి 42.8 పాళ్ళు, తూచినచో సుమారు 60 గ్రాములు. సామాన్యముగా కాలేయము గంటకు 7 మొదలు 10 గ్రాముల వరకు మాత్రమే విరుగగొట్టగలదు. కావున రాత్రి తొమ్మిదింటికి సీసా ఖాళీ చేసి పడుకొన్నవాని కాలేయము తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల దాక, ఒకప్పుడు కోడి కూయు దాక, ఆ కొలువులోనే ఉండును. అమెరికా మధుమేహ సంఘమువారు పురుషులు దినమునకు రెండు డ్రింకులు, స్త్రీలు ఒకటి మించరాదందురు. వారి డ్రింకు 14 గ్రాములు. మన క్వార్టరు అట్టివి నాలుగింటికి పైమాట. ‘బీరే కదా’ అని తేలికగా అనుకొను స్ట్రాంగు బీరు పెద్ద సీసా, 8 పాళ్ళదైనచో, 40 గ్రాములకు తగ్గదు. తుంగభద్ర ఆవలి ఒడ్డు నుండి దొంగచాటుగా దిగు కర్ణాటక టెట్రా ప్యాకెట్టు 90 మిల్లీలీటర్లే గదా యని రెండు తీసికొనువాడు త్రాగినది క్వార్టరే. మద్యము ఎంత తక్కువైనను నిరపాయమని చెప్పదగిన హద్దు లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. షుగరు ఉన్నవాడు, లేనివాడు అను భేదము కూడ అందు లేదు.

ఒక ఆదివారపు రాత్రిని కన్నులకు తెచ్చుకొందము. ఇంటి పెద్ద ఉదయము టిఫినుకు ముందు ఒక బిళ్ళ, సాయంకాలము ఒక బిళ్ళ, భార్య చేతికి అందింపగా శ్రద్ధగా వేసికొన్నాడు. ఏడు గంటలకు మిద్దెపైకి ఎక్కినాడు. ముందర ఉడికించిన వేరుసెనక్కాయలు, రెండు కోడిగుడ్లు, కోడికూర వేపుడు. ఇవన్నియు బలమైన తిండియే గాని వీనిలో రక్తమునకు చక్కెర నిచ్చు పిండిపదార్థము అత్యల్పము. క్రింద గిన్నెలో అన్నము మూత పెట్టినది పెట్టినట్లే ఉన్నది. ‘ఇప్పుడు బువ్వ వద్దులే’ అని చెప్పి నులకమంచముపై ఒరిగినాడు. మూడు గంటల వేళ చొక్కా చెమటతో తడిసినది, తలగడ తడిసినది. చేతులు వణకుచున్నవి, మాట ముద్దయైనది, పిలిచిన పేరు కాక వేరొక పేరునకు పలుకుచున్నాడు, లేచి నిలువబోయి తూలినాడు. చూచినవారందరును ఒకటే మాట: “తాగింది ఇంగా దిగలా. పండుకోనీ.” ఒకరు ఉప్పు వేసిన మజ్జిగ తెత్తురు, ఒకరు నిమ్మకాయ పిండిన నీళ్ళు తెత్తురు. రెంటిలోను చాలినంత చక్కెర లేదు. వాసన నోట వచ్చుచుండగా అది నిషా కాక మరేమై యుండునని వారి తర్కము. దానిని తప్పు పట్టలేము, ఎందుకనగా చెమట, వణకు, తూలుడు, తొట్రుపడు మాట, ఉలికిపాటు, కారణము లేని కోపము అనునవి నిషాలోను, చక్కెర పడిపోయినప్పుడును ఒక్క తీరుగానే ఉండును. పోలీసువారు సహా పొరపడుదురు. తేల్చి చెప్పగలిగినది వేలి చివర ఒక సూదిపోటు మాత్రమే: గ్లూకోమీటరులో అంకె 70కి దిగువనున్న అది లో షుగరు, 54కు దిగువనున్న అత్యవసరము.

రక్తపుపోటుకు అటెనొలాల్, ప్రొప్రనొలాల్ వంటివి వాడువారిలో వణకును గుండెదడయు కూడ మరుగుపడును. చెమట ఒక్కటే సాక్షిగా మిగులును.

ఇచ్చట ఒక చిన్న విషయము కడు పెద్దది. తెలివి ఉన్న మనిషికి మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాపుట ఇంటింటి పద్ధతి, మంచిదే. కాని నేడు మన డాక్టర్లు వ్రాయు బిళ్ళలలో మూడు మందులు కూడిన రకము ఒకటి ఉన్నది: గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్. ఈ మూడవది ప్రేగులలో పిండిని, పంచదారను విడగొట్టు పనిని ఆలస్యము చేయుట కొరకే పుట్టినది. దానిని వాడువానికి పంచదార నీళ్ళు వేళకు అందవు. అతనికి కావలసినది విడగొట్టనక్కరలేని గ్లూకోజు పొడియే. మందుల అంగడిలో దొరకు గ్లూకోజు డబ్బా ఒకటి దేవుని గూటిలో పెట్టుకొనుట ఆ ఇంటికి అవసరము. పదునైదు గ్రాములు ఇచ్చి, పదునైదు నిమిషములాగి, మరల చూడవలెను. లేచి కూర్చున్నాడు గదా యని వదలక అన్నమో రొట్టెయో తినిపింపవలెను, ఏలయన మద్యపు పని ఇంకను ముగియలేదు, చక్కెర మరల జారును. తెలివి లేనివాని నోట ఏమియు పోయరాదు. ప్రక్కకు ఒరిగించి 108కి పిలువవలెను. వచ్చినవారితో రెండు మాటలును చెప్పవలెను: ఏ బిళ్ళ వేసినాడు, ఎంత త్రాగినాడు. పడిపోయిన చక్కెరను లేపుటకు వాడు గ్లూకగాన్ సూది పాతరను ఖాళీ చేయించి పనిచేయునది. పాతరలోనే లేనపుడు అది అంతగా ఫలింపదు, నరమునకు గ్లూకోజు ఎక్కింపవలసినదే. రెండవ మాటను సిగ్గుపడి దాచిన ఇంటివారు డాక్టరు చేతిని కట్టివేసినవారగుదురు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడువారికి ఈ అపాయము తక్కువ. 1957లో జాన్ స్టెర్న్ ఫ్రాన్సులో రోగులకు వాడి చూపిన నాటి నుండి అది తన మంచితనమును నిలుపుకొన్నది. దాని అన్న ఫెన్‌ఫార్మిన్ మాత్రము రక్తములో లాక్టిక్ ఆమ్లమును పెంచి ప్రాణములు తీయుటచే 1970ల చివర అమెరికాలో తొలగింపబడినది, మన దేశములో 2003లో నిషేధింపబడినది. తమ్మునికి ఆ చెడు పేరు లేదు. కాని మూత్రపిండములు దెబ్బతిన్నవాడు, కాలేయము పాడైనవాడు, వాంతులతో విరేచనములతో ఒళ్ళెండినవాడు దానిపై అదేపనిగా త్రాగినచో తమ్ముడును అన్న దారి పట్టవచ్చును. 2020లో పేటెంటు తీరిన తరువాత చవుకయైన డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు చక్కెరను మూత్రము వెంట పంపునట్టివి. నీటిని కూడ లాగుకొని పోవును. మే నెలలో నలుబది దాటు ఎండలో, మూత్రమును పెంచు మద్యముతో, తిండి మానిన కడుపుతో వీనిని కలుపుకొన్నవానికి కీటోన్ల విషము ఎక్కవచ్చును. అప్పుడు గ్లూకోమీటరులో అంకె మామూలుగానే కనబడుట ఇందలి మాయ. కడుపునొప్పి, వాంతి, ఆయాసము చూచి ‘రాత్రిది పడలేదు’ అని సోడా త్రాగి పడుకొనువాడు ఆస్పత్రికి పోవలసినవాడు.

పాతకాలపు డయాబినీస్ బిళ్ళ ఒక విధముగా నిజాయితీ గలది. దానిని వేసికొని త్రాగినవారిలో కొందరికి ముఖము జేవురించి, చెవులు కాలి, తల బ్రద్దలయ్యెడిది; మరునాడు వారు సీసా జోలికి పోవుటకు జంకెడివారు. నేటి బిళ్ళలు అట్టి హెచ్చరిక నీయవు. త్రాగిన వేళ మనిషికి సుఖముగానే ఉండును.

ఈ సంగతులు సగము తెలిసినవారు చేయు ప్రాజ్ఞత ఇంకొకటి. “ఈ పొద్దు తాగేది ఉంది, బిళ్ళ వద్దు” అని మానుదురు. మరునాడు తప్పు దిద్దుకొనుటకు రెండు వేసికొందురు. పెండ్లి భోజనము, సీసా, బిళ్ళ మానుట మూడును కలిసి మొదట చక్కెరను ఆకాశమునకు ఎత్తును. ఖాళీ కడుపుపై ఉదయపు జంట బిళ్ళలు దానిని పాతాళమునకు దింపును. ఈత కల్లు చలువ, షుగరుకు మేలు అను మాటయు అట్టిదే: పొద్దున దించిన తీపి కల్లులో చక్కెర, ఎండ ఎక్కిన పులుపు కల్లులో ఆల్కహాలు, మధ్యలో ఔషధము లేదు.

నిజము చెప్పవలెనన్న, నాకు త్రాగువానిపై కంటె అడుగనివారిపై ఎక్కువ ఫిర్యాదు కలదు. ఓపీలో నిలిచిన జనమును చూచి, డాక్టరు ‘తాగొద్దు’ అన్న మూడక్షరముల శాసనముతో చీటీ వ్రాసి పంపును. శాసనము విన్నవాడు మరి నిజము చెప్పడు. ‘వారానికి ఎన్నిసార్లు, ఎంత, ఏమి తిని?’ అని మందలింపు లేని గొంతుతో అడిగినచో చెప్పును. చెప్పినచో గ్లిమిపిరైడు స్థానమున చక్కెరను అంతగా దింపని మందును వ్రాయు అవకాశము నేడు డాక్టరునకు కలదు, లేదా మోతాదు తగ్గింపవచ్చును. మానుట మేలు, అందు సందేహము లేదు. మానలేనివాడు బ్రతుకుట కూడ వైద్యము పనియే.

సీసాపై అచ్చువేసిన హెచ్చరిక ఆరోగ్యమునకు హాని అనును, త్రాగి బండి నడుపవద్దనును. బిళ్ళల అట్టపై ఉన్నది వైద్యుని పర్యవేక్షణ లేక వాడరాదన్న ధోరణి మాట. రెండును కలిసిన రాత్రి ఏమగునో అచట చదువరికి తెలియజెప్పు తెలుగు వాక్యము లేదు. 2024లో లాటరీ వేసి పంచిన 3,396 మద్యపు దుకాణములలో ధరల పట్టిక వ్రేలాడదీయుటకు గోడ ఉన్నది. ఆశా కార్యకర్త ఇంటింటికి ఇచ్చు బిళ్ళల కవరుపై ఖాళీ జాగా ఉన్నది. ‘షుగరు బిళ్ళ గాని ఇన్సులిను గాని వాడువారు ఖాళీ కడుపున త్రాగిన, నిద్రలోనే చక్కెర పడిపోయి ప్రాణము పోవచ్చును, చెమట, వణకు కనిపించిన వెంటనే గ్లూకోజు ఇచ్చి 108కి ఫోను చేయండి’ అని ఆ రెండు చోట్లను పెద్ద అక్షరములతో అచ్చు వేయించుట ప్రభుత్వమునకు పెద్ద ఖర్చు కాదు. ఎక్సైజు శాఖయు ఆరోగ్య శాఖయు ఒక్క మారు కలిసి కూర్చుండి ఆ పని చేయింపవలెనని కోరుచున్నాము.